ఈడు ముదిరినపిదప ఈత



నేను బోథు వాస్తవ్యుడను. ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. బాల్యమున గురుసన్నిధిని కావ్యములును, కొంత వ్యాకరణమును చదువుకొంటిని. సంధులను, సమాసములను గూర్చి చెప్పవలసిన ముసలిపంతులు ఈతను గూర్చి చెప్పవచ్చెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, నాకును నవ్వు వచ్చుచున్నది. ఐనను ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత హక్కు కలదు. నేను అఱువదినాలుగవ యేట ఈత నేర్చితిని. అంతకుముందు నాకు తెలిసిన ఈత యంతయు ధాతుపాఠములోనిదే. సంస్కృతమున ‘తౄ’ యను ధాతువునకు తేలుట, దాటుట యని రెండర్థములు. తరణము, తరణి, తీరము, తీర్థము, అవతారము మొదలగు శబ్దములు దానినుండి పుట్టినవే. ఈ సంగతిని పిల్లలకు ఎన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు. అట్లు చెప్పిన నోటితోనే ఒకనాడు వాగుగట్టున నిలువబడి “ఎవరైన రండో” యని కేకలు వేయవలసివచ్చెను.

ఆ సంగతి ముందుగా చెప్పెదను. నేను ఉద్యోగములో నుండిన కాలమది. శ్రావణమాసము. రెండుదినములు ముసురుపట్టి మూడవనాడు తెరపి యిచ్చెను. బడి విడిచినపిదప మా తరగతి పిల్లవాడొకడు వాగు దాటుచు కాలుజారి మడుగులో పడెను. నేను ఇరువదిగజముల దూరమున వెనుక వచ్చుచుంటిని. పరుగెత్తి గట్టు చేరితిని. పిల్లవాని చేయి నీటిపై రెండుమాఱులు కనబడెను. ధోవతి యెగగట్టి మోకాలిలోతు దిగితిని, నడుములోతు దిగితిని, ఆపై నా కాళ్లు కదలలేదు. నాకు ఈత రాదు. మేకలకాపరి యొకడు నా కేక విని వచ్చి దూకి వెదకెను. పిల్లవాడు దొరకునప్పటికి ఆలస్యమయ్యెను. ఆ బాలుని తల్లి నన్నొక్క మాటయైన అనలేదు. అనియుండినయెడల నాకు కొంత భారము తగ్గియుండెడిది.

మన తాతతండ్రుల కాలమున పల్లెలలో ఈతకు ప్రత్యేకముగ బడి లేదు. ఊరి చుట్టు మోటబావులుండెను. బావికి మెట్లుండెను. ఏడెనిమిదేండ్ల పిల్లవాని వీపునకు ఎండిన సొరకాయబుఱ్ఱనో, బెండ్లనో కట్టి అన్నయో, మేనమామయో నీట విడిచెడివాడు. కొన్నాళ్లకు బెండ్లలో ఒకటి తగ్గించెడివాడు. మఱికొన్నాళ్లకు రెండవదియు తీసివేసెడివాడు. ఎండకాలము గడచునప్పటికి పిల్లవాడు కప్పపిల్లవలె తిరిగెడివాడు. ఇది చక్కని పద్ధతియే. ఐనను ఆ కాలమునంతయు పొగడి చెప్పుట నాకిష్టము లేదు. ఆడపిల్లలను ఎవరును బావిలో దింపలేదు. కొన్ని బావులలో కొందఱి పిల్లలను దిగనీయలేదు. పాఠము పేర పెద్దపిల్లలు చిన్నపిల్లలను నీట నొక్కి వినోదించుటయు కలదు. భారతమున బాల్యక్రీడలయందు భీముడు కౌరవులను పదేసిమందిని ఒక్కమాఱుగ చేతులతో నొడిసి పట్టి నీట ముంచి, ప్రాణము కడబట్టువేళ విడిచెడివాడని కలదు. అట్లు మునిగి లేచినవారు ఈత నేర్చినట్లు మాత్రము అందెచ్చటను లేదు. నా యీత చదువు కూడ ఎనిమిదవయేట అట్టి భీముడొకని చేతిలో మొదలై, ఆనాడే ముగిసెను.

ఇప్పుడు మోటబావులు తఱచుగ లేవు. బోరులును మోటారులును వచ్చినపిదప పాతబావులు కొన్ని పూడినవి, కొన్ని కూలినవి. పిల్లలకు నేర్చుకొను చోటు పోయినది. నీటి ప్రమాదము మాత్రము పోలేదు. మన ప్రాంతమున వానకాలమునందు వాగులు ఒక్కగడియలో పొంగును. మా బోథు మండలములోనే పొచ్చెర జలపాతమున్నది. అది సుమారు ఇరువది మీటర్ల యెత్తుననుండి పడుచు క్రింద లోతైన గుండమును చేసికొన్నది. నేరడిగొండ మండలమున కడెము నదిపై కుంటాల జలపాతము సుమారు 45 మీటర్లది. వానిని చూడవచ్చిన యువకులు ఈత రాకయు, వచ్చునని భ్రమపడియు గుండములలో ప్రాణములు గోల్పోవుట మీరెఱిగినదే. ప్రపంచారోగ్యసంస్థ వారి లెక్కలో 2021వ సంవత్సరమున లోకమునందు సుమారు మూడులక్షలమంది నీటమునిగి మరణించిరి. వారిలో దాదాపు సగముమంది ఇరువదితొమ్మిదేండ్లలోపువారు. మన దేశమునందే ఏటేట ముప్పదివేలకు పైగా మరణములు ఇట్లు కలుగుచున్నవి. ఐక్యరాజ్యసమితి 2021 ఏప్రిలులో దీనిపై తీర్మానము చేసి, జూలై 25వ తేదీని మునుగుడు మరణముల నివారణ దినముగ ఏర్పఱచినది.

బావిలో నేర్చుకొనని ఆ బాలురు ఇప్పుడు నడివయస్కులైరి. వారిలో ఈత నేర్చుకొనవలెనను కోరిక గలవారు ఎవరిని ఆశ్రయింపవలెను? ఈ ప్రశ్న నాకు మా తమ్ముని కుమారునివలన కలిగినది.

అతడు హైదరాబాదున ఉద్యోగి. నలువదియొకటవ యేడు. కూర్చుండి చేయు పనివలన శరీరము పెరుగుచున్నదని వైద్యుడు హెచ్చరింపగా పరుగు మొదలుపెట్టెను. పిదప సైకిలు కొనెను. రెండేండ్లలో మనిషి చువ్వవలె నయ్యెను. అంతట ట్రయథ్లాన్ అను పందెముమీద మనస్సు పడెను. ఇది మనవారికి క్రొత్త మాట గనుక కొంచెము వివరించెదను. ఒకే మనుష్యుడు మొదట ఈది, గట్టెక్కిన వెంటనే సైకిలు త్రొక్కి, సైకిలు దిగిన వెంటనే పరుగెత్తవలెను. దీనిలో దీర్ఘమైన యొకదానిని 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో మొదటిసారి నడపిరి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు. పదునైదుగురు బయలుదేరగా పండ్రెండుగురు గమ్యము చేరిరి. 2000వ సంవత్సరమున సిడ్నీ నగరపు ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించినది. అచ్చట దూరములు 1.5, 40, 10 కిలోమీటర్లు. క్రొత్తవారికొఱకు 750 మీటర్ల ఈతతో చిన్న పందెములును కలవు. ఈతను ముందుంచుటలో వివేకమున్నది. అలసినవాడు నేలమీద పడినచో కూర్చుండి లేచును. నీటిలో కూర్చుండుటకు చోటెక్కడిది?

మావాడు చిన్న పందెమునకు రుసుము చెల్లించి, పిదప ఈతబడిని వెదకెను. ఇదియే తలక్రిందుల పని. మొదట చేరినచోట ఒక్క వరుసలో పిల్లలు, పెద్దలు కలిసి ఇరువదిమంది. శిక్షకుడు గట్టున కుర్చీలో కూర్చుండి, చేతిలోని ఫోనును చూచుకొనుచు, నడుమనడుమ “కాళ్లు కొట్టుడు, కాళ్లు కొట్టుడు” అనెడివాడట. మూడునెలలు కాళ్లు కొట్టి మావాడు కొలను అడ్డముగ దాటుట నేర్చెను, నిలువుగ దాటలేకపోయెను. ఆఱేండ్ల పిల్లలు ప్రక్కనే చేపలవలె పోవుచుండగా తాను గట్టుకడ్డీ పట్టుకొని రొప్పుచు నిలిచెడివాడట. “సిగ్గుచేత చచ్చిపోవుచుంటిని, పెద్దబాపూ” అని చెప్పెను.

పిమ్మట అధికధనము వ్యయించి, పూర్వము పందెములలో పతకములు గెలిచిన యొకనిని కుదుర్చుకొనెను. ఆయన ఈత చూడ రెండుకన్నులు చాలవట. ఆయన ఈది చూపును. “ఇట్లు చేయుము” అనును. ఎట్లు చేయవలెనో ఆయనకును తెలియదు. ఐదేండ్ల ప్రాయమునుండి శరీరమున నిండిన విద్యను విడదీసి చెప్పుట ఆయనకు ఎన్నడును అవసరపడలేదు. ఇది విని నాకు కాళిదాసుని మాళవికాగ్నిమిత్రము జ్ఞప్తికి వచ్చెను. అందు ఇద్దఱు నాట్యాచార్యులు నాలో నెవడధికుడని కలహించి రాజునొద్దకు వత్తురు. వారిని ఆడించి చూడరు. వారి శిష్యురాండ్రను ఆడించి చూడవలెనని తీర్మానింతురు. విద్య తనయందుండుట వేఱు, దానిని ఎదుటివానికి అందించుట వేఱు అను వివేకము మనవారికి క్రొత్త కాదు. ముప్పదినాలుగేండ్లు బడిలో గడిపినవాడను గనుక నేనును దీనికి సాక్షిని. మహాపండితులు కొందఱు పాఠము చెప్పగా పిల్లలు నిద్రించుటయు, పరీక్ష అంతంతమాత్రముగ గెలిచిన ఉపాధ్యాయుని తరగతిలో మందబుద్ధులు లేచి కూర్చుండుటయు చూచితిని.

ఇట్లుండగా పందెమునకు నెలదినములున్నదనగా మావాడు మిత్రులతో కలిసి ఒక చెఱువులో అభ్యాసమునకు దిగెను. కొలనులో అడుగు కనబడును. చెఱువులో తన చేయి తనకు కనబడదు. ముప్పదిబారలు వేసినపిదప ఊపిరి బిగిసెను. తల యెత్తెను; నీరు మ్రింగెను. ప్రక్కవాడు గుర్తించి పడవవానిని పిలువకపోయినచో ఏమయ్యెడిదో! ఆ రాత్రి అతడు నాకు ఫోను చేసెను. గొంతు వణకుచుండెను. ఐనను పందెమునకు పోయెదననుచుండెను. రుసుము కట్టితినని, మిత్రులకు మాట యిచ్చితినని కారణములు చెప్పెను. నాకు మా వాగుగట్టు కన్నులకు కట్టెను. నేను జీవితములో అతనిని కోపించిన మొదటిసారి అది. “నీ తండ్రికి నేనేమి చెప్పవలెరా? రుసుము రసీదు చూపుదునా?” అని యడిగితిని. అతడు మాఱుపలుకలేదు. మఱునాడు పందెము మానుకొన్నట్లు వార్త పంపెను. నేనును ఊరకుండక బస్సెక్కి హైదరాబాదు పోయితిని. గురువును కుదుర్చుటలో పిల్లవానికంటె పంతులు కన్ను నిశితము గదా యని నా యభిమానము.

నాలుగుచోట్ల తిరిగితిమి. రుసుము సంగతి అడుగుటకు ముందు ఒకగంట గట్టున కూర్చుండి చూడనిండని కోరితిని. ఒకచోట ఒప్పుకొనలేదు, అచ్చటినుండి వెంటనే లేచితిమి. బడిలో పాఠము చెప్పుట చూడనీయని పంతులు ఎందుకు చూడనీయడో నాకు తెలియును. మఱియొకచోట భవనము రాజప్రాసాదమువలె నుండెను, నీరు నీలమణివలె నుండెను. శిక్షకుడు శిష్యుల ముఖములు చూచుట మాత్రము లేదు. నాలుగవచోట ఏబదియేండ్ల గృహిణి యొకతె నేర్పుచుండెను. చిన్న కొలను. శిష్యులు నలుగురే, అందఱును పెద్దవారు. ఆమె గట్టుమీద లేదు, నీటిలోనే యుండెను. వేఱొకడు గట్టున నిలిచి, పొడుగాటి కఱ్ఱతోను, గాలితిత్తితోను కావలికాయుచుండెను. అతడు గంటసేపు ఎవరితోను మాటాడలేదు. ఆ కావలివానిని చూడగానే నాకు సగము నమ్మకము కుదిరెను.

ఆమె మావానిని మొదట అడిగిన ప్రశ్న “ఎంతదూరము ఈదగలవు?” అని కాదు. “నీటిలో నీకు భయము కలుగునది ఎప్పుడు?” అని. అతడు సిగ్గుపడి, పిదప చెఱువు సంగతి చెప్పెను. ఆమె నవ్వలేదు. మొదటి వారము చేతులు, కాళ్లు ఆడింపనీయలేదు. ఱొమ్ములోతు నీటిలో నిలిచి ముఖము ముంచి బుడగలు విడుచుట, వెల్లకిల తేలుట, బోర్లతేలుట, తేలుచున్నవాడు మఱల కాళ్లు నేలకానించి నిలుచుట, ఇంతే. నలువదియొకటేండ్లవాడు, అఱువదిమైళ్లు సైకిలు త్రొక్కువాడు, పదునైదుదినములు బుడగలు విడిచెను! దానికి కారణమును ఆమె ఓపికతో చెప్పగా నేను గట్టుననుండి వింటిని. శాస్త్రమునకు సరిపడిన మాటలు గనుక మీకును విన్నవించుచున్నాను.

మానవశరీరము మంచినీటితో దాదాపు సమానమైన సాంద్రత గలది. ఊపిరితిత్తులు గాలితో నిండినచో తేలును. గాలి విడిచినచో చాలమంది మెల్లగ దిగుదురు. గాలి యుండునది ఱొమ్మున. కాళ్లలో ఎముకయు కండయు. అందువలన నీటిలో పరుండిన మనిషి త్రాసుకోలవంటివాడు. ఱొమ్ము లేచును, కాళ్లు దిగును. భయపడినవాడు చేయు మొదటిపని తల యెత్తుట; తల యెంత లేచునో కాళ్లు అంత దిగును. గాలికంటె నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కాళ్లు వ్రేలాడిన శరీరమును దానిలో ఈడ్చుట అడ్డముగ పెట్టిన తలుపును ఈడ్చుటవంటిది. కావున బలము గలవాడే ముందుగ అలసిపోవును. పరుగువారి చీలమండలు బిగిసియుండుటచేత వారు కాళ్లు ఎంత కొట్టినను నీరు చిమ్మునేగాని ముందుకు సాగుట తక్కువ. “కాళ్లు కొట్టుడు” అను పాఠము మావానికి మూడునెలలు ఏల ఫలింపలేదో అప్పుడు తెలిసినది.

అంతకంటె పెద్దచిక్కు ఊపిరిది. దుర్యోధనుడు యుద్ధాంతమున ద్వైపాయనహ్రదములో జలస్తంభనవిద్యచే దాగెనని చదివితిమి. క్రొత్తగ నీట దిగిన పెద్దవారందఱును ఆ విద్యనే అభ్యసింతురు. ముఖము మునుగగానే ఊపిరి బిగబట్టుదురు. ఊపిరి బిగబట్టగా రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగును. “ఊపిరి యాడుటలేదు” అను తహతహ కలుగునది ప్రధానముగ దానివలననే. అట్టివాడు తల యెత్తిన ఆ యఱక్షణములో గాలిని విడువవలెను, పీల్చవలెను. రెంటికిని కాలము చాలదు. విడువక పీల్చబోయి ఉక్కిరిబిక్కిరియగును. నేర్చినవాడు నీటిలోనే ముక్కుతోను నోటితోను మెల్లగ విడుచుచుండును. ముఖము ప్రక్కకు త్రిప్పినప్పుడు పీల్చుట యొక్కటే పని. మావాడు చెఱువులో మునుగబోవుటకు కారణము బలహీనత కాదు; విడువని ఊపిరి. ఈ సంగతిని మొదటి ఇద్దఱు గురువులలో ఒక్కరైన చెప్పియుండినచో ఆ రాత్రి ఫోను వచ్చియుండెడిది కాదు.

ఆమె పాఠములో నేను మెచ్చుకొన్నది మఱియొకటి. ఒకనాటికి ఒక్కతప్పునే దిద్దెడిది. తల దిద్దుదినమున చేయి వంకరపోయినను పలుకదు. నేను పిల్లల వ్రాతపుస్తకములను ఎఱ్ఱసిరాతో రక్తసిక్తము చేసిన దినములు తలచుకొని కొంచెము సిగ్గుపడితిని. వారమున కొకమాఱు ఫోనులో బొమ్మపట్టి చూపెడిది. “నా చేయి నిటారుగ నున్నది” అని వాదించిన మావాడు తన వంకరచేతిని తానే చూచి నోరు మూసికొనెను. కొలను ఒకకొననుండి రెండవకొనకు ఎన్నిబారలు పట్టినవో లెక్కింపుమనెడిది. ఇరువదియైదు మీటర్లకు మొదట ముప్పదియాఱు బారలు, నాలుగునెలలకు ఇరువదినాలుగు. వేగము మాట ఆమె అంతవఱకు ఎత్తలేదు.

పెద్దతనమున నేర్చినవారు ఎంతవఱకు పోగలరు అను ప్రశ్నకు మనవారిలోనే మహోదాహరణ మున్నది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు హైదరాబాదున చలనచిత్రముల బొమ్మలపనిలో నుండినవారు. వారికి మొదట నీరన్న భయము. నలువదేండ్లు దాటినపిదప ఆ భయమును పోగొట్టుకొనుటకై ఈత నేర్చిరి. 2021 మార్చి 19వ తేదీన శ్రీలంకతీరమునుండి ధనుష్కోటి వఱకు పాక్ జలసంధిని, సుమారు ముప్పది కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈదిరి. అంతకుముందు 2004లో బులా చౌదరి గారు ఆ జలసంధిని దాటినవనిత. శ్యామల గారికి మార్గము చూపినవారిలో పోలీసు ఉన్నతాధికారి రాజీవ్ త్రివేది గారొకరు. ఆయన 2012లో ఆ జలసంధిని తామే ఈదినవారు. అనగా, ఆ నీటి చలిని, పోటును తన మేన ఎఱిగినవాడు ప్రక్కనుండెను. తరువాత 2024 డిసెంబరు చివర శ్యామల గారు విశాఖపట్టణమున బయలుదేరి, దినమున కింతయని సముద్రమున ఈదుచు, 2025 జనవరి మొదట కాకినాడ చేరిరి. దూరము సుమారు 150 కిలోమీటర్లు. వయస్సు ఏబది దాటినది.

ఇంగ్లీషు కాలువను దాటిన మొదటి భారతీయుడు మిహిర్ సేన్ గారు కూడ బాల్యమునుండి ఈతవీరుడు కారు. న్యాయశాస్త్రము చదువ విలాయతికి పోయినవారు. పలుమాఱులు విఫలుడై, 1958 సెప్టెంబరులో 14 గంటల 45 నిమిషములకు ఆవలిగట్టు చేరిరి. ఇట్టివి చెప్పినప్పుడు నాకొక జంకు కలుగును. వినినవారు రేపే సముద్రమునకు పోవుదురేమో యని. వారి వెంట పడవలు, వైద్యులు, దారి చెప్పువారు ఉండిరని మఱవకూడదు.

ఇక నా కథ. పదిదినములు గట్టున కూర్చుండి నోరు మూసికొని చూచితిని. పదునొకండవ దినమున ఆ గృహిణి “మాస్టరు గారూ, పాఠమంతయు మీకు కంఠస్థమైనది. మీరెందుకు దిగరు?” అని అడిగెను. నా రక్తపుపోటు చెప్పితిని. “వైద్యుని అడిగి రండి, నేనును చీటీ లేక దింపను” అనెను. ఆ మాట నాకు నచ్చినది. వైద్యుడు పరీక్షించి, మందులు మానకుండుటకును, చల్లనినీటిలో ఒక్కమాఱుగ దూకకుండుటకును మాట తీసికొని అనుమతించెను. చల్లనినీరు హఠాత్తుగ తగిలినప్పుడు ఎవరికైనను తెలియకయే గుటుక్కున ఊపిరి లోనికి పోవును, గుండె వడిగ కొట్టుకొనును. ముసలివారికి అది మంచిది కాదు.

దిగితిని. ఱొమ్ములోతు. అందఱకు సులభముగ చెప్పుచున్నాను గాని, ముఖము నీట ముంచుటకు నాకు మూడుదినములు పట్టెను. కన్ను మూయగానే ఆ చేయి కనబడెను. నీటిపై రెండుమాఱులు లేచిన చేయి. నాలుగవదినమున ఆ సంగతి ఆమెకు చెప్పితిని. ఇంటిలో కూడ నెవరికిని అంతవఱకు చెప్పియుండలేదు. ఆమె కొంతసేపు ఊరకుండి, “కన్ను తెఱచి ముంచుడు” అనెను, ఈతకద్దములు చేతికిచ్చెను. తెఱచి ముంచితిని. అడుగున తెల్లని పలకలు, నా ముసలి పాదములు, అంతే. ఆనాడు మొదటిసారి బుడగలు విడిచితిని. రెండునెలలుండి కొలను నిలువున దాటితిని. నా ఈత చూచుటకు బాగుండదు. వెల్లకిల సగము, బోర్ల సగము. ఐనను అలసినప్పుడు తేలియుండుట తెలిసినది. నాకు కావలసినది అదియే.

నడివయస్సున నేర్చుకొనదలచినవారు గాని, బిడ్డలను పంపదలచినవారు గాని నన్నడిగిన, ముందు గట్టున కూర్చుండి ఒక పాఠము చూడుడని చెప్పుదును. గురువు కన్ను ఎచ్చటనున్నదో చూడుడు. ఆయన గెలిచిన పతకములను లెక్కింపవలదు. ఆయనవద్ద నేర్చిన మీ యీడువారు ఎట్లు ఈదుచున్నారో చూడుడు. శిష్యులు ఎందఱు, కావలివాడు వేఱుగ ఉన్నాడా, మునిగినవానికి శ్వాస తెప్పించుట వారికి తెలియునా యని మొగమాటము లేక అడుగుడు. స్త్రీలకు స్త్రీలే నేర్పుచోటు, లేదా ప్రత్యేకసమయము అడుగుట న్యాయమే. పదిదినములలో నేర్పెదమను ప్రకటనలను నమ్మకుడు. పదిదినములలో బాలశిక్షయైనను రాదు. గురువుపై నమ్మకము కుదురనిచో మొగమాటపడక మానుడు. మావాడు రెండవ గురువును రెండునెలలు భరించినది భక్తిచేత కాదు, కట్టిన ధనముపై మమకారముచేత. కొలనులో నేర్చినది చెఱువునకు, ఏటికి చాలదు. అచ్చట గురువుతోను, పడవతోను, మెల్లగ వేఱుగ నేర్వవలెను. ఒంటరిగ ఎన్నడును దిగరాదు. టైరుట్యూబు, సొరకాయ, ఖాళీడబ్బా ఇవి అభ్యాససాధనములే. లోతున చేయిజారినచో రక్షింపవు.

మావాడు మఱుసటి యేడు పందెమునకు పోయెను. 750 మీటర్ల యీతలో అతనికంటె వెనుక వచ్చినవారు ముగ్గురో నలుగురో. నడుమ ఎవరిదో కాలు ముఖమునకు తగిలి కద్దములు ఊడెనట. వెల్లకిల తిరిగి, పది ఊపిరులు లెక్కించి, కద్దములు సరిచేసికొని మఱల బయలుదేరితిని, పెద్దబాపూ, అని గట్టుననుండియే ఫోను చేసెను. సైకిలు, పరుగు సంగతి అతడును చెప్పలేదు, నేనును అడుగలేదు.

నేను బోథునకు తిరిగివచ్చి, మా మిత్రుని చేనిలోని పాత మెట్లబావిని పూడిక తీయించితిని. నాలుగుమెట్లపై నీరు ఱొమ్ములోతుండునట్లు అడ్డముగ గట్టి తాడు కట్టించితిమి. గట్టున పొడుగాటి వెదురుగడ, చివర ముడివేసిన మోకు, మూతబిగించిన ఖాళీడబ్బాలు ఎల్లప్పుడు ఉండును. మునుగుచున్నవానికొఱకు ఈతరానివాడు దూకరాదు. గడ చాచవలెను, మోకు విసరవలెను అని పిల్లలచేత ముందుగా అదియే సాధన చేయించుచున్నాము. ఆనాడు నా చేతిలో ఒక వెదురుగడ యుండినచో చాలియుండెడిది; ఈత కూడ అక్కఱలేదు. ఆదివారమున ప్రొద్దున పండ్రెండుగురు పిల్లలు వచ్చుచున్నారు. వారిలో ఐదుగురు ఆడపిల్లలు. వారికొఱకు అంగన్వాడీ పంతులమ్మ నేర్చుకొని దిగుచున్నది. నలుగురికంటె ఎక్కువమందిని ఒక్కమాఱుగ నీటిలో విడువము.

నేర్పువాడు ఎవడని మీరడుగుదురు. ఆనాడు వాగులో దూకిన మేకలకాపరియే. ఇప్పుడతనికి ఏబదియైదేండ్లు. బాగుగ ఈదును, ఎట్లు ఈదునో చెప్పుమనిన తల గోకికొనును. అందుచేత అతడు నీటిలో నుండును, నేను మూడవమెట్టుమీద నడుములోతున నిలిచి చెప్పుచుందును. పిల్లలు బుడగలు విడుచుచున్నారు. ఇప్పటికి ఇద్దఱు తేలిరి.